రోగం లేని మనిషికి మెదడు స్కాన్ ఎందుకప్పా?

హంద్రీగట్టు (కర్నూలు), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాయనకు 69. తెలుగు పండితుడుగా చేసి రిటైరైనాడు. బీపీ లేదు, షుగర్ లేదు. పొద్దున్నే కొండారెడ్డి బురుజు దాకా నడిచిపోయి, ఉగ్గాని తిని, పేపరు చదివి మళ్ళా నడిచే ఇంటికొస్తాడు. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ వాళ్ళు 60 దాటి ఆరోగ్యంగా ఉండే మనుషులు కావాలని అడుగుతాంటే అక్కడుండే మా చెల్లెలు నాయన పేరు ఇచ్చేసింది. ఫోన్లో గంటసేపు ప్రశ్నలడిగినారు. ఎంపికైనాడు.

రెండు రోజుల పని. మొదటి రోజు జ్ఞాపకశక్తి పరీక్షలు, ఎంఆర్ఐ. రెండో రోజు పెట్ స్కాన్. చేతికి రేడియోధార్మికత ఉన్న చక్కెర సూదేసి మెదడు ఎంత తిండి తింటాందో చూస్తారంట.

ఇంట్లో రచ్చ. అమ్మది ఒకటే మాట: "రోగం ఉన్నోనికే స్కాన్ తీసే దిక్కు లేదు, లేనోనికి ఎందుకు?" నాయన మాత్రం పెండ్లికొడుకు మాదిరి ఉషారుగా ఉండాడు. నాకు తెలియాల్సింది ఇదీ. సూదితో ప్రమాదమా? వాళ్ళకు అందులో ఏం కనపడుతుంది? కనపడినదాంతో మా నాయనకేమన్నా ఉపయోగమా, లేక ఊరికే పోయి పండుకుని వచ్చేదేనా?

కారందోశ (కడప), రాత్రి 9:20

పండితునికి సూదేసి "మాట్లాడకుండా పండుకో" అంటారు సామీ. అది ఆయన వల్ల అయితాదా, ముందు అది చూసుకో.

సీసంపెట్టె (సొంతూరు అనంతపురం, ఉద్యోగం హైదరాబాద్), రాత్రి 9:58

కారందోశ నవ్వుతాండాడు గానీ అది నిజం. చెప్తా.

పదకొండేండ్లుగా నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని. ఆ సూదిలో ఉండేది ఎఫ్‌డీజీ. గ్లూకోజులో ఒక చోట ఉండే ఆక్సిజన్-హైడ్రోజన్ జతను తీసి, ఆ జాగాలో ఫ్లోరిన్-18 పెడతారు. మెదడు కణం దాన్ని చక్కెరే అనుకుని లోపలికి రానిస్తుంది. హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. మామూలు గ్లూకోజైతే అక్కడినుంచి ముందుకుపోయి ఖర్చయిపోతుంది. ఇది ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. బోనులో పడిన ఎలుక. ఏ వీధిలో బోన్లు ఎక్కువ నిండినాయో ఆ వీధి ఎక్కువ తింటాందని లెక్క.

ఫ్లోరిన్ వదిలే పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ మాదిరిదే, విద్యుత్తు మాత్రం తిరగేసి ఉండే కణం) పక్కనుండే ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ మాయమైపోతాయి. ఆ చోటినుంచి ఎదురెదురు దిక్కుల్లో రెండు గామా కిరణాలు పోతాయి. తల చుట్టూ ఉండే రింగుకు రెండూ ఒకేసారి తగిలితే "ఈ గీత మీద ఎక్కడో పుట్టినాయి" అని మిషను రాసుకుంటుంది. అట్ల లక్షల గీతలు కలిస్తే బొమ్మ.

రేడియేషన్ మోతాదును బట్టి సుమారు 3 నుంచి 7 మిల్లీసీవర్టులు. మనం ఏ స్కాన్ జోలికి పోకపోయినా నేలలోనుంచి, ఆకాశంలోనుంచి ఏడాదికి సగటున 2.4 పడుతూనే ఉంటుంది. 69 ఏండ్ల మనిషికైతే నేను భయపడను. ఆ పూట మాత్రం చంటిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే కొంచెం ఎడంగా ఉండాల, నీళ్ళు బాగా తాగాల.

ఇంగ అసలు సంగతి. సూదేసినాక అరగంట పైనే మసక వెలుతురు గదిలో ఊరికే ఉండాల. మాట్లాడితే మాటల భాగం ఎక్కువ లాగుతుంది, ఫోన్ చూస్తే వెనకుండే చూపు భాగం లాగుతుంది. క్యాన్సర్ కోసం వచ్చేవాళ్ళకు నేను వందసార్లు చెప్తా, అయినా దుప్పటి కింద వాట్సాప్ చూస్తానే ఉంటారు.

హంద్రీగట్టు, రాత్రి 10:15

అన్నా, శానా థ్యాంక్స్. ఇది మన కర్నూల్లోనే పెట్టుకోవచ్చు కదా? బెంగళూరుకెందుకు పిలవడం?

సీసంపెట్టె, రాత్రి 10:31

ఫ్లోరిన్-18 సగానికి పడిపోయే టైము 110 నిమిషాలు. దాన్ని తయారు చేసేది సైక్లోట్రాన్‌లో, అంటే కణాలను గిరగిరా తిప్పి వేగంగా కొట్టే పెద్ద మిషన్లో. హైదరాబాద్‌లో నింపి కర్నూలు పంపినామనుకో, 215 కిలోమీటర్లు, లోడింగుతో కలిపి నాలుగు గంటలు. బయలుదేరినదాంట్లో నాలుగో వంతు కూడా మిగలదు. అందుకే నాలుగింతలకు పైన నింపాల. రోగుల కోసమైతే ఆ లెక్క ఎట్లనో కుదురుతుంది. కాని మెదడు ఆక్సిజన్ ఎంత వాడుతాందో కూడా చూడాలంటే ఆక్సిజన్-15 కావాల, దాని సగం ఆయువు రెండు నిమిషాలు. సైక్లోట్రాన్ పక్క గదిలో ఉండాల్సిందే.

పాతబస్టాండు (కర్నూలు), సోమవారం ఉదయం 6:40

నేనొకటి చెప్తా, తర్వాత మీ ఇష్టం. మా అత్తమ్మకు 66. పేర్లు మర్చిపోతాందని మా బావమరిది నగరంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో "మెదడు ఆరోగ్య ప్యాకేజీ" అని తీయించినాడు. రిపోర్టులో "ముందు భాగంలో స్వల్పంగా జీవక్రియ తగ్గింది" అని ఒక్క లైను. ఆ లైనుతో మూడు నెలలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆమెను ఒంటరిగా మార్కెట్టుకు పంపలేదు, గ్యాస్ ముట్టనీయలేదు, బ్యాంకు పాసుబుక్కు లాగేసుకున్నారు. తీరా న్యూరాలజిస్టు దగ్గరికి పోతే ఆయన బొమ్మలు చూసి "66 ఏండ్ల మెదడు 66 ఏండ్ల మాదిరే ఉంది" అన్నాడు. పేర్లు మర్చిపోయేదానికి కారణం వినికిడి. చెవికి మిషను పెట్టినాక సగం సమస్య పోయింది.

అందుకే అంటాండా, రోగం లేకుండా మెదడు లోపలికి తొంగిచూడకూడదు.

కారందోశ, ఉదయం 7:05

ఇది చదివితే నవ్వు రాలేదు.

న్యూరో పీజీ (కర్నూలు), ఉదయం 7:52

డ్యూటీకి పోయే ముందు రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

పాతబస్టాండు గారూ, మీ అత్తమ్మ గారికి జరిగినది అన్యాయమే. కాని నేను దాని నుంచి మీరు చెప్పినదానికి తిరగేసిన మాట చెప్తాను. ఆమెకు అట్లా జరిగింది ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న 66 ఏళ్ళ మెదడు ఎట్లా ఉంటుందో ఆ రిపోర్టు రాసినవాళ్ళు పట్టించుకోలేదు. హంద్రీగట్టు వాళ్ళ నాన్నగారి లాంటి వాళ్ళు పోయి పండుకుంటేనే ఆ సంగతి తెలిసేది.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దానిదే. వయసుతో ఆ వాడకం తగ్గుతుంది, కాని అంతటా ఒకే రకంగా తగ్గదు. ఆరోగ్యంగా ముసలైనవాళ్ళలో ఎక్కువగా తగ్గేది ముందు భాగంలో, ముఖ్యంగా రెండు అర్ధగోళాల మధ్య లోపలివైపు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మొదట దెబ్బ తినేది వెనకవైపు: పోస్టీరియర్ సింగ్యులేట్, ప్రికూనియస్, కణతల పైభాగం. చూపు, కదలికల భాగాలు చాలాకాలం బాగుంటాయి. ముందు భాగం కొంచెం మసకేసిందంటే 66 ఏళ్ళలో అది తల నెరిసినట్టు. అదే వెనకవైపు మసకైతే నేను ఆగి రెండోసారి చూస్తాను.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1976 ఆగస్టులో అబాస్ అలావీ మొట్టమొదటిసారి మనుషులకు ఎఫ్‌డీజీ ఎక్కించారు. ఆ మందు న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ల్యాబులో తయారై విమానంలో ఫిలడెల్ఫియాకు వచ్చింది. సూది వేయించుకున్నవాళ్ళిద్దరూ రోగులు కారు, ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లు. ఇవాళ క్యాన్సర్‌కు ప్రపంచమంతా వాడే స్కాన్ అట్లా రోగం లేనివాళ్ళ మెదడుతోనే మొదలైంది. అమ్మగారికి ఇది చెప్పండి.

శెనిక్కాయలు (అనంతపురం), ఉదయం 9:30

డాక్టరు బాబూ, ఒక అనుమానం. ముసలితనంలో మెదడు కుంచించుకుపోతాదంటారు. కుంచించుకుపోయినాక బొమ్మలో మసకగా కనపడకుండా ఎట్లుంటాది? తిండి తగ్గిందా, తినేదే తగ్గిందా? మాకు వాన ఎనకబడిన ఏడు కాయ పైకి బాగనే కనపడతాది, ఒలిస్తే లోపల విత్తు సన్నంగ ఉంటాది. ఎకరాకు ఇన్ని మూటలని కాయ లెక్క చెప్తే గింజ లెక్క తెలీదు కదా.

న్యూరో పీజీ, మధ్యాహ్నం 2:10

మా ప్రొఫెసరు గంట క్లాసులో చెప్పింది మీరు ఒక కాయతో చెప్పినారు!

సరిగ్గా అదే గొడవ ఈ రంగంలో ఏళ్ళ తరబడి నడిచింది. పెట్ కెమెరా చూపు 4, 5 మిల్లీమీటర్ల దగ్గర మసకబారుతుంది. మెదడు పైపొర మందమే 2 నుంచి 4 మిల్లీమీటర్లు. పొర పల్చబడితే పక్కనున్న నీరు కూడా అదే చుక్కలో కలిసిపోయి, ఉన్న కణాలు బాగానే తింటున్నా వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే మొదటి రోజు ఎంఆర్ఐ తీసేది. పొర ఎంత మందముందో దాంట్లో కొలిచి, పెట్ లెక్కను సరిచేస్తారు. ఆ సవరణ చేస్తే పాత అధ్యయనాల్లో కనపడిన తగ్గుదల కొంత కరిగిపోతుంది. పూర్తిగా పోతుందా అన్నదాని మీద ఇంకా కొట్లాడుకుంటున్నారు. నా మటుకు నాకు, ముందు భాగంలో కొంత నిజంగానే తగ్గుతుందనిపిస్తుంది.

ఇంకా తమాషా ఒకటుంది. సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్ళు 20 నుంచి 82 ఏళ్ళ ఆరోగ్యవంతుల్లో గ్లూకోజు, ఆక్సిజన్, రక్తప్రవాహం మూడూ కలిపి కొలిచి 2017లో అచ్చేసినారు. వయసుతో ఆక్సిజన్ వాడకం తగ్గినదానికంటే గ్లూకోజు వాడకం ఎక్కువ తగ్గింది. అంటే పడుచు మెదడు శక్తి కోసం కాల్చేది కాక పైగా కొంత చక్కెర వాడుకుంటుంది. ఆ పైఖర్చు కొత్త కనెక్షన్లు కట్టుకోవడానికి, ఉన్నవాటిని మార్చుకోవడానికి పనికొస్తుందని వాళ్ళ ఊహ. ముసలితనంలో సన్నగిల్లేది ఆ పైఖర్చే. ఇల్లు నడిచే ఖర్చు ఉంటుంది, కొత్త గది కట్టే ఖర్చు ఉండదు.

ఏడురోడ్లు (కడప), మధ్యాహ్నం 3:25

డాక్టరు గారూ, ఆ గుంపే 2019లో ఇంకోటి చెప్పింది కదా, అది చెప్పకుండా దాటేసినారేం? 205 మంది మెదడు జీవక్రియను కంప్యూటరుకు నేర్పించి వయసు చెప్పమంటే, మగవాళ్ళ లెక్కతో చూసినప్పుడు ఆడవాళ్ళ మెదళ్ళు సగటున 3.8 ఏళ్ళు చిన్నవిగా తేలినాయి.

కారందోశ, మధ్యాహ్నం 3:27

మా ఇంట్లో ఈ దారం ఎవురూ చదవకూడదు దేవుడా.

న్యూరో పీజీ, మధ్యాహ్నం 3:50

మేడం, దొరికిపోయినాను. నిజమే. తిప్పి చూస్తే, ఆడవాళ్ళ లెక్కతో మగవాళ్ళు 2.4 ఏళ్ళు పెద్దగా తేలినారు. ఇరవైల్లోనే ఆ తేడా ఉంది. కాని మెదడు "చిన్నది" అంటే మతిమరుపు రాదని కాదు. అల్జీమర్స్ ఆడవాళ్ళలోనే ఎక్కువ మందికి వస్తుంది.

ఏడురోడ్లు, సాయంత్రం 4:30

అది ఒప్పుకుంటాను. మా ఇంట్లోనే ఉంది. మా అమ్మీకి 80. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. అక్షరం రాదు, లెక్క మాత్రం రెండు భాషల్లో వేస్తుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో హైదరాబాదులో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని రాసినారు. చదువు రానివాళ్ళలో కూడా. అది స్కాన్ మీద చేసింది కాదు, వయసులు చూసి లెక్కగట్టింది. నాకు కావాల్సింది దాని లోపలి సంగతి. రెండు భాషల మెదడు తక్కువ తిని ఎక్కువ పనిచేస్తుందా, లేక దెబ్బ తిన్నా పక్కదారి పట్టుకుని నెట్టుకొస్తుందా? పాతికేళ్ళుగా క్లాసులో పాఠం తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించేదాన్ని, నాకు ఈ ఆశ ఉండడం తప్పు కాదు కదా.

లేపాక్షి బసవ (హిందూపురం), సాయంత్రం 5:15

మాకు దగ్గరలోనే ఇట్లాంటిది నడుస్తాంది. బార్డర్ అవతల కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపుర, మామిడి తోటల ఊర్లు. అక్కడ బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళు 45 దాటిన పల్లెజనాన్ని పదివేల మందిని లక్ష్యంగా పెట్టుకుని ఏండ్ల తరబడి వెంబడించి చూస్తాండారు. రక్తం, జ్ఞాపకం పరీక్షలు, ఎంఆర్ఐ. ఆ ఊర్లలో తెలుగు మాట్లాడేవాళ్ళు శానా మంది. మా మేనత్తది అదే తాలూకా. ఆమెకు అర్థమైంది ఇంతే: "తల మిషన్లో పెడితే దడదడ సుత్తితో కొట్టినట్టుంటాది, బయటికొస్తే టిఫిన్ పెడతారు."

సంగటి (కడప), సాయంత్రం 6:02

నాకు షుగర్ ఉండాది. నన్ను ఇట్లాంటివాటికి తీసుకుంటారా?

సీసంపెట్టె, సాయంత్రం 6:40

రక్తంలో చక్కెర ఎక్కువుంటే నిజమైన గ్లూకోజుకూ ఎఫ్‌డీజీకీ వాకిట్లో తోపులాట. మెదడంతా మసకేస్తుంది. అంతటితో పోదు. చక్కెర ఎక్కువున్న రోజు తీస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ప్రికూనియస్ దగ్గర తగ్గి, అల్జీమర్స్ పోలిక వస్తుంది. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలు పస్తు పెట్టి, సూదికి ముందు వేలు పొడిచి చూస్తాం. సాధారణంగా 200 దాటితే ఆ రోజుకు ఇంటికి పంపిస్తాం. పరిశోధనలోనైతే ఇంకా గట్టిగా ఉంటారు.

ఎడిటర్ నోట్: మెదడుకు చూర్ణం అమ్ముతామని పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. మూడోసారి పెడితే ఖాతా మూస్తాం.

పాతబస్టాండు, రాత్రి 8:20

న్యూరో పీజీ గారూ, మీ మాట మీద రోజంతా ఆలోచించినా. మా అత్తమ్మ రిపోర్టు మళ్ళా తీసి చూసినా. "వయసుకు తగ్గ ఆరోగ్యవంతులతో పోల్చగా" అని రాసినారు. ఆ ఆరోగ్యవంతులెవరో, ఏ దేశంవాళ్ళో, ఎంత మందో ఒక్క ముక్క లేదు. మా అత్తమ్మ ఐదో తరగతి, జీవితమంతా జొన్నరొట్టె తినింది. ఆమెను ఎవరితో కొలిచినారు?

న్యూరో పీజీ, రాత్రి 9:05

అడగాల్సిన ప్రశ్న అదే. దానికి జవాబు ఆ రిపోర్టు రాసినవాళ్ళే ఇవ్వాల.

హంద్రీగట్టు, మీరు సంతకం పెట్టకముందు ఒకటి తప్పక అడగండి: అనుకోకుండా ఏదన్నా కనపడితే చెప్తారా, చెప్తే ఎవరికి చెప్తారు? ఎంఆర్ఐలో చిన్న రక్తనాళం ఉబ్బు కనపడొచ్చు. అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రోటీను) స్కాన్ కూడా ఉంటే ఇంకా జాగ్రత్త. ఆలోచన, జ్ఞాపకం రెండూ బాగున్న ముసలివాళ్ళలోనే 20, 30 శాతం మందిలో అది కనపడుతుంది, వాళ్ళలో అందరికీ జబ్బు రాదు. తెలుసుకోవాలా వద్దా అన్నది మీ నాన్నగారి నిర్ణయం, మీది కాదు. కాగితాలు తెలుగులో అడగండి. మనిషికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది. మధ్యలో ఎప్పుడైనా లేచి వచ్చేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు.

మీ మూడో ప్రశ్నకు సూటిగా: మీ నాన్నగారికి సొంతంగా ఉపయోగం దాదాపు ఏమీ లేదు. ఒక్క మనిషి, ఒక్క స్కాన్, అదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు. దాని మీద జ్యోతిషం చెప్పలేం. ఆ మాట ఆయనకు ముందే చెప్పి, అప్పటికీ పోతానంటే పంపండి.

హంద్రీగట్టు, మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:45

పోయొచ్చినాం.

తెలుగు కాగితం అడిగితే ఇచ్చినారు, పదకొండు పేజీలు. నాయన పెన్ను తీసి నాలుగు అచ్చుతప్పులు దిద్ది మరీ సంతకం పెట్టినాడు. అనుకోకుండా ఏమన్నా కనపడితే చెప్పమని టిక్కు పెట్టినాడు. అమిలాయిడ్ వాళ్ళ పనిలో లేదంట.

చక్కెర 94. సూదేసి మసక గదిలో పడుకోబెట్టినారు, నన్ను బయట కూర్చోబెట్టినారు. నలభై నిమిషాలు నిశ్శబ్దం. స్కాన్ అయిపోయి బయటికొచ్చినాక టీ తాగతా చల్లగా చెప్పినాడు: "నోరు తెరవలేదురా. మనసులో మాత్రం సీసపద్యాలు ఒక పాతిక దాకా వల్లె వేసుకున్నా."

సీసంపెట్టె, రాత్రి 9:10

చంపినాడు పెద్దాయన! ఆ మాట అక్కడ చెప్పినారా లేదా?

హంద్రీగట్టు, రాత్రి 9:14

నేనే పోయి చెప్పినా. ఆ పాప నవ్వి ఫారంలో రాసుకునింది. పాడైందా అన్నా?

న్యూరో పీజీ, రాత్రి 9:40

పాడు కాదు. మెదడు మొత్తం ఖర్చు చూస్తే, ఊరికే ఉన్నప్పటికీ గట్టిగా ఆలోచిస్తున్నప్పటికీ తేడా 5 శాతం లోపే. ఊరికే ఉండడమే దానికి పెద్ద ఖర్చు. ఒకటి రెండు చోట్ల మాత్రం మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ వెలగొచ్చు. రాసుకున్నారు కాబట్టి సరిపోయింది. రాయకపోతేనే తంటా.

ఏడురోడ్లు, రాత్రి 9:52

పాతిక సీసపద్యాలు వరస తప్పకుండా గుర్తున్న మనిషికి జ్ఞాపకశక్తి పరీక్షలో ఎన్ని వచ్చినాయో అడగాలనుంది.

హంద్రీగట్టు, రాత్రి 10:20

పదిహేను మాటలు చదివి, ఇరవై నిమిషాల తర్వాత చెప్పమన్నారంట. తొమ్మిది చెప్పినాడు. "ఆ మాటలకు ఛందస్సు లేదు, ఎట్ల గుర్తుంటాయి" అని ఒకటే గొణుగుడు.

అసలు సంగతి అది కాదు. 3.8 ఏండ్ల మాట నేను ఇంట్లో నోరుజారినా. అప్పటినుంచి అమ్మ కొత్త పాట ఎత్తుకునింది: "ఆయప్పను పిలిచినారు, నన్నెందుకు పిలవలేదు? నాకేం తక్కువ?" అమ్మకు షుగర్ బార్డర్లో ఉండాది, మాత్రలు లేవు. సీసంపెట్టె అన్నా, తీసుకుంటారా?

సీసంపెట్టె, రాత్రి 10:33

మాత్రలు లేవంటే అవకాశముంది, కాని అది వాళ్ళ నియమాల్లో ఏం రాసుకున్నారో దాన్నిబట్టి. మూడు నెలల షుగర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని సోమవారం ఫోన్ చెయ్. ముందు పరగడుపున బస్సెక్కించొద్దు.

హంద్రీగట్టు, సోమవారం మధ్యాహ్నం 12:05

చేసినా. రిపోర్టు పంపమన్నారు, చూసి చెప్తామన్నారు. అమ్మ అప్పుడే పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చింది.